సెకండ్ హ్యాండ్ కారు, పెరట్లో పిట్టలు: శిరీషకు పెదనాన్న ఉత్తరం

చిరంజీవి శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. సెకండ్ హ్యాండ్ కారు ఎలా చూసి కొనాలి, కొత్తింటి పెరట్లో పిట్టలకు గింజలు ఎలా పెట్టాలి అని రెండూ ఒక్కసారే అడిగేశావు. సంబంధం లేని ప్రశ్నల్లా ఉన్నా, ఆ కారూ ఆ పిట్టలూ ఉండబోయేది ఒకే పెరట్లో కాబట్టి కలిపే చెబుతాను. ముందు కారు సంగతి. డబ్బు పోయేది అక్కడే.

బండి చూడటానికి వస్తున్నానని ఫోన్ చేసినప్పుడే, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. నీడలో ఉన్న బండి బానెట్ వెచ్చగా తగిలిందంటే నువ్వు రాకముందే ఇంజన్‌ను వేడెక్కించి పెట్టారన్నమాట. అలాంటప్పుడు మొహమాటపడకుండా ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పు. చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడే దాని రోగాలు బయటపడతాయి. సైలెన్సర్ వెనక ఎవరినైనా నిలబెట్టు. మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి వచ్చి పోతే టెన్షన్ పడక్కర్లేదు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్‌ను తాగేస్తోందని అర్థం. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో దట్టమైన తెల్లపొగ వస్తూనే ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, సిలిండర్లలోకి దిగుతోందన్నట్టే. అక్కడ ఇక బేరం కూడా ఆడకుండా వచ్చెయ్.

కీ తిప్పేటప్పుడు చాలామంది ఇంజన్ చప్పుడు మీదే దృష్టి పెడతారు. నువ్వు డాష్‌బోర్డు చూడు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే చెక్ ఇంజన్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైట్లు వెలగాలి, బండి స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే లోపం ఉందని ఎవరికైనా తెలుస్తుంది. ఆ లైటు అసలు వెలగనే లేదంటే మాత్రం ఇంకా గట్టిగా అనుమానించాలి. రిపేరు చేయించే బదులు లైటునే తీసేసి ఉండొచ్చు.

మీటరు చూపించే కిలోమీటర్లను గుడ్డిగా నమ్మకు, దాన్ని వెనక్కి తిప్పేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. పెద్దగా తిరగలేదని చెబుతున్న బండిలో బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి ఉంటే ఆ లెక్క కుదరదు. సర్వీసు బిల్లులు అడిగి తీసుకుని, తేదీలతో పాటు కిలోమీటర్లు కూడా వరసగా పెరుగుతున్నాయో లేదో చూడు. టైరు పక్కన డీవోటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఒకటి ఉంటుంది. దాని చివర 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని. పదేళ్లు దాటిన టైరు చూడటానికి ఎంత బాగున్నా మార్చాల్సిందే, ఆ ఖర్చు ముందే బేరంలో తగ్గించి అడుగు. ఒక పక్కే అరిగిందంటే అలైన్‌మెంటో (చక్రాల పొందిక) సస్పెన్షనో (కుదుపులు ఆపే భాగాలు) దెబ్బతిన్నట్టు.

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదం నీళ్లలో మునిగిన బండి. పైకి పెళ్లికూతురిలా ముస్తాబై ఉంటుంది, వైరింగ్ మాత్రం లోపల్లోపల తుప్పు పడుతూ ఉంటుంది. సీటు బెల్టును చివరంటా బయటికి లాగు. రోజూ వాడకంలో బయటికి రాని ఆ చివరి జానెడును శుభ్రం చేయాలని ఎవరికీ తోచదు. మట్టి చార ఉంటే అక్కడ దొరుకుతుంది. స్టెప్నీ తీసి కింది గుంటలో వేలు పెట్టి ఇసుక, ఒండ్రు తగులుతుందేమో చూడు. సీట్లు జరిగే పట్టాలకు తుప్పు ఉందా, హెడ్‌లైట్ల లోపల చెమ్మ ఉందా గమనించు. కారులో సెంటు వాసన ఘాటుగా కొడితే, ఆ సీసా బయట పెట్టించి, అద్దాలన్నీ మూసి కాసేపు కూర్చో. ముక్కిన వాసన ఉంటే తెలిసిపోతుంది.

గుద్దుకున్న బండిని పట్టుకోవడం అంత కష్టం కాదు. పగటి వెలుగులో ఒక తలుపు రంగు పక్క తలుపుతో కలవకపోయినా, తలుపుల మధ్య సందులు సమానంగా లేకపోయినా, రబ్బరు బీడింగుల మీద రంగు తుంపర పడినా కారణం అడుగు.

నడిపి చూసేటప్పుడు గతుకుల రోడ్డు మీదికి కూడా తీసుకెళ్లు. గేర్లు మార్చే బండైతే మూడో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కు. ఇంజన్ అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఇవన్నీ అయ్యాక, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్‌కు కాకుండా నువ్వు ఎంచుకున్న మెకానిక్‌కు డబ్బిచ్చి చూపించు. స్కానర్ పెట్టి పాత ఫాల్ట్ కోడ్‌లను (బండి కంప్యూటర్ నమోదు చేసుకునే లోపాల గుర్తులు) ఈమధ్యే చెరిపేశారేమో కూడా చూడమను. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. బండి మీద ఉన్న ఛాసిస్ నంబరు 17 అక్షరాలూ కాగితాల్లోని వాటితో ఒక్కొక్కటిగా సరిపోల్చు. లోన్ బాకీ లేదని రాతపూర్వకంగా చూడందే డబ్బు కదపకు.

ఇక బానెట్ ఎత్తినప్పుడు ఎలుక పెంటికలు, కొరికిన వైర్లు ఉన్నాయేమో చూడమ్మా. ఇక్కడే నీ పిట్టలు వస్తాయి. పిట్టలకని చల్లిన గింజలు రాత్రికి మిగిలితే వాటికోసం ఎలుకలు చేరతాయి. వెచ్చగా ఉండే ఇంజన్ వాటికి మంచి ఇల్లు. అందుకని గింజలు నేల మీద చల్లకు. స్తంభం మీద పళ్లెం పెట్టి, సాయంత్రానికి అయిపోయేంతే వెయ్యి, కింద రాలినవి చీకటి పడేలోపు ఊడ్చెయ్. కారును పళ్లానికి దూరంగా, కొమ్మల కింద కాకుండా నిలుపు. రెట్ట ఎండితే పెయింట్‌ను తినేస్తుంది. పడిందంటే గోటితో గీకకుండా తడిగుడ్డ కాసేపు వేసి ఉంచి, నానాక తుడువు.

పొద్దుతిరుగుడు గింజలు, చిరుధాన్యాలు, ఉప్పు లేని వేరుశనగ పలుకులు నలిపి పెట్టొచ్చు. బ్రెడ్డుతో పొట్ట నిండుతుందే కానీ బలం ఉండదు. బూజు వాసన వచ్చే గింజలైతే పారెయ్యడమే, వాటిలోని విషం పిట్టల్ని చంపుతుంది. నీళ్ల పళ్లెం లోతు రెండు మూడు అంగుళాలు మించకూడదు, నీళ్లు రోజూ మార్చాలి. గింజల పళ్లాన్ని రెండు వారాలకోసారి, వానల్లో ఇంకా తరచుగా, తొమ్మిది పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి, బాగా జాడించి, పూర్తిగా ఆరాకే మళ్లీ నింపు. ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్న పిట్ట కనిపిస్తే రెండు వారాలు గింజలు ఆపెయ్. పాపం అనిపిస్తుంది, కానీ ఒకే పళ్లెం దగ్గర గుంపుగా చేరితే రోగం అన్నిటికీ అంటుతుంది.

పళ్లెం కిటికీకి ఒక మీటరు లోపలైనా ఉండాలి, పది మీటర్ల దూరంలోనైనా ఉండాలి. మధ్యలో ఉంటే పిట్టలు వేగం అందుకుని అద్దానికి గుద్దుకుంటాయి. పిల్లి నక్కే పొదకు కూడా దూరంగా పెట్టు. మొదట్లో ఏ పిట్టా రాకపోయినా చోటు మార్చకు, కొన్ని వారాలు ఆగు.

ఇంకోటి, గూడు కట్టే రోజుల్లో కొన్ని పిట్టలు కారు సైడు అద్దంలో తమ నీడనే చూసుకుని శత్రువనుకుని పొడుస్తుంటాయి. పార్క్ చేశాక అద్దాలు మడిచి, పాత సాక్సు తొడిగేస్తే గొడవ ఉండదు.

బండి ఏదైనా నచ్చితే టైరు అంకెలు, స్టెప్నీ గుంట, సర్వీసు బిల్లులు ఫొటోలు తీసి నాకు పంపు. అడ్వాన్స్ మాత్రం నేను చూశాకే ఇవ్వు.

మీ పెదనాన్న