మార్వెల్ కామిక్స్‌లో స్పైడర్-మ్యాన్ శత్రువు స్కార్పియన్ (అంటే తేలు) తోక అతని ఒంట్లో భాగమేనా?

కాదు, అది అతను వేసుకునే సూట్‌కు అమర్చిన యంత్రం. ఒంట్లో ఉన్నది బలం, చురుకుదనం మాత్రమే.

రెండూ ఒకే ప్రయోగంలో రావడంతో ఈ అయోమయం. 1965 నాటి అమేజింగ్ స్పైడర్-మ్యాన్ 20వ సంచికలో, పత్రికాధిపతి జె. జోనా జేమ్సన్ డబ్బిచ్చి మాక్ గార్గన్ అనే ప్రైవేట్ డిటెక్టివ్‌ను డాక్టర్ ఫార్లీ స్టిల్‌వెల్ దగ్గర ప్రయోగానికి ఒప్పిస్తాడు. స్టిల్‌వెల్ చికిత్స గార్గన్ శరీరాన్నే మార్చి, అతన్ని స్కార్పియన్‌గా చేసింది. మనిషికి తేలు తోక మాత్రం మొలవలేదు, కాబట్టి సుమారు 7 అడుగుల లోహపు తోకను సూట్‌కు తగిలించారు. దాన్ని కొరడాలా ఝుళిపిస్తాడు, చుట్టగా చుట్టి స్ప్రింగులా వాడి ఎగురుతాడు కూడా.

అదే కథలో ఉదాహరణ ఉంది. ఆ మార్పు గార్గన్ మతి చెడగొడుతుందని ఆలస్యంగా గ్రహించిన స్టిల్‌వెల్ విరుగుడు మందు పట్టుకుని అతని వెంటపడి, ఆ ప్రయత్నంలోనే చనిపోతాడు. మందు అవసరమైంది ఒంటికే. తోక వదిలించుకోవడానికి సూట్ విప్పితే చాలు. సూట్ లేకపోయినా గార్గన్ మామూలు మనిషి కంటే ఎన్నో రెట్లు బలవంతుడే.

తేలు కాబట్టి విషం ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. మొదటి తోకలో విషం లేదు, ఆమ్లం చిమ్మే ఏర్పాట్లు తర్వాతి తోకలకు వచ్చాయి. 2005లో అతను వెనమ్ (అంటే విషం) అనే మరో విలన్ అయ్యాడు గానీ, అది సింబియోట్ చలవ, అంటే మనిషి ఒంటికి అంటుకుని బతికే గ్రహాంతర జీవి. పేరుకు విషమే అయినా తేలుకూ దానికీ సంబంధం లేదు.