ఏఎల్‌ఎస్‌లో ఉదయపు తలనొప్పి: ఆక్సిమీటర్ అంకెను నమ్ముకోకండి

మీ నాన్నగారికి ఏఎల్‌ఎస్ (కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా క్షీణించే జబ్బు) అని తేలాక రోజూ ఉదయం తలనొప్పి, పగలంతా మగత ఉంటున్నాయనీ, ఆక్సిమీటర్ మాత్రం రక్తంలో ఆక్సిజన్ 96 శాతం చూపుతోందనీ రాశారు. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ నాడీకణాలు (మోటార్ న్యూరాన్లు) క్షీణించేకొద్దీ ఊపిరితిత్తుల కింద ఉండే ప్రధాన శ్వాస కండరం డయాఫ్రమ్ బలహీనపడి, ముఖ్యంగా వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాస లోతు తగ్గి, రాత్రంతా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు, ఆ తలనొప్పికీ మగతకీ అదే కారణం కావచ్చు; వేలికి తగిలించే ఆ పరికరం కార్బన్ డయాక్సైడ్‌ను కొలవలేదు. ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును అడిగి, కూర్చోబెట్టీ పడుకోబెట్టీ చేసే శ్వాస సామర్థ్య పరీక్షను, ధమని రక్తంలో వాయువుల పరీక్షను చేయించండి. అవసరమైతే రాత్రిపూట మాస్కుతో బైపాప్ (గాలిని ఒత్తిడితో లోపలికి పంపి శ్వాసకు సాయపడే యంత్రం) పెడతారు. మొదట్లో మాస్కు చికాకు పెడుతుంది కనుక పగలు టీవీ చూసేటప్పుడు పావుగంట చొప్పున అలవాటు చేయండి. వైద్యులు చెప్పనిదే ఇంట్లో ఆక్సిజన్ మాత్రం పెట్టకండి. కార్బన్ డయాక్సైడ్ మరింత పెరిగే ప్రమాదం ఉంది.