పెట్టెలు ఎన్ని రకాలైనా కొలత ఒక్కటే ఉండాలి

చిత్తూరు

చి. మురళికి ఆశీస్సులు.

తేనెటీగల పెంపకానికి న్యూటన్ పెట్టె, లాంగ్‌స్ట్రాత్ పెట్టె, ఫ్రేములు లేకుండా పైన కర్రలకే తేనెపట్టు వేలాడే అడ్డకర్రల పెట్టె మూడూ ఒకేసారి తెచ్చి తోపులో పెడతానని రాశావు. వద్దు నాయనా. మూడూ మూడు కొలతలు. ఒకదాంట్లో రాణి పోతే పక్క పెట్టె నుంచి గుడ్లున్న పట్టు తీసిస్తే చాలు, ఈగలే కొత్త రాణిని చేసుకుంటాయి. కొలత కుదరకపోతే ఆ పట్టు పక్కనే ఉండి కూడా గూడు పోతుంది.

చెట్టు తొర్రల్లో ఉండే మన నాటు ఈగకు న్యూటన్ పెట్టె సరిపోతుంది. రాణి గుడ్లు పెట్టి పిల్లలు పెరిగే కింది అంతస్తు, అదే పిల్లల గది, అందులో 7 ఫ్రేములు (పట్టు కట్టే చెక్క చట్రాలు), లోపల ఒక్కోటి 8 అంగుళాల పైచిలుకు పొడవు, 6 అంగుళాలకు కాస్త తక్కువ ఎత్తు. 10 ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ ఇటలీ ఈగ కోసం. చిన్న గుంపును అందులో వేస్తే అంత చోటు కాచుకోలేదు, ఖాళీ పట్టులకు మైనం పురుగు పడుతుంది.

వడ్రంగి దగ్గర స్కేలు పెట్టుకుని కూర్చో. ఒక ఫ్రేము మధ్య నుంచి పక్క ఫ్రేము మధ్యకు 32 మి.మీ. ఫ్రేము పక్కపట్టెకూ గోడకూ నడుమ సందు 7, 8 మి.మీ. సందు ఎక్కువైతే అక్కడ అడ్డంగా పట్టు కట్టి గోడకు అతికించేస్తాయి. ఫ్రేము లాగగానే అది చిరిగి తేనె కారుతుంది, ఆ రాత్రికే చీమలు దిగుతాయి. మరీ తక్కువైతే ఈగ దూరలేదు. పచ్చి చెక్క మన ఎండకు మెలితిరిగి ఈ కొలతలన్నీ తప్పిస్తుంది. బాగా ఆరిన చెక్కే వాడించు, లోపల రంగు వేయించకు.

అడ్డకర్రల పెట్టె మీద మోజుంటే చేయించు. అయితే కర్ర పొడవు, పెట్టె లోపలి వెడల్పు, లోతు న్యూటన్‌వే ఉంచి నిడివి మాత్రం పెంచు. అప్పుడు పట్టులు ఇటూ అటూ మారతాయి. కర్రలు 32 మి.మీ. వెడల్పుతో ఒకదానికొకటి ఆనుకోవాలి. అడుగున సన్నని గాడిలో మైనం కరిగించి పూస్తే ఆ గీత వెంటే కడతాయి. పెట్టె ఒరిగి ఉంటే పట్టు వంకరగా దిగుతుంది, రసమట్టం పెట్టి చూసుకో. ఏప్రిల్, మే నెలల్లో ఈ పట్టు చాలా మెత్తబడుతుంది, కింద ఆసరా ఉండదు. తెల్లవారుజామునే తెరువు, వేలాడినట్టే నిలువుగా పట్టుకో. పక్కకు వాల్చావంటే తెగి పడుతుంది.

రెండు పెట్టెల్ని పోల్చాలంటే ఈగలు కమ్మిన ఫ్రేములు రెండింట్లో సమానంగా ఉండగా మొదలుపెట్టు. నీడ, నీళ్లు, మేత ఒకేలా ఉండాలి. పది రోజులకోసారి పట్టులో పిల్లలున్న, మూతపడిన అరలు ఎంత మేర ఉన్నాయో రాసుకో. ఊరికే తెరిస్తే నాటు ఈగ గూడు వదిలి లేచిపోతుంది. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు తప్పనిసరి. పువ్వు లేని రోజుల్లో చక్కెర, నీళ్లు సమంగా కలిపి సాయంత్రం పూట పెట్టెలోపలే పెట్టు. బయట ఒలికితే పక్క గూటి ఈగలు దోపిడీకి వస్తాయి.

జనవరి, ఫిబ్రవరిలో మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతారు. పక్క తోపు వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకో. కొట్టే ముందురోజు చీకటిపడి ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మానికి వల బిగించి, పెట్టెల్ని కనీసం రెండు మూడు కిలోమీటర్ల అవతలికి మార్చు. అంతకంటే దగ్గరైతే మేతకు పోయిన ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి.

ఇట్లు,
మీ పెదనాన్న