ఇసుక మీద గోధుమరంగు పొర: తొట్టె పాడైనట్టేనా?

ప్రశ్న: ఉప్పునీటి అక్వేరియం కొత్తగా పెట్టాను. అమ్మోనియా వేసి సైక్లింగ్ (వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియాను తొట్టెలో పెంచడం) మొదలుపెట్టాక ఇది నాలుగో వారం. ఎండు రాళ్లు, ఇసుక తప్ప లోపల చేపలూ పగడాలూ ఏవీ లేవు. ఇసుక మీద గోధుమరంగు పొడి పేరుకుంటోంది, కదిలిస్తే పొగలా లేస్తోంది. ఇప్పుడు అద్దాలకు పచ్చని పొర కూడా పడుతోంది. అమ్మోనియా సున్నాకు వచ్చింది, నైట్రైట్ ఇంకా ఉంది. దీపం రోజుకు పది గంటలు వెలుగుతుంది. అన్నీ కడిగి మళ్లీ మొదలుపెట్టాలా? నాచు మందు వేయమని ఒక మిత్రుడు అంటున్నారు. వేయవచ్చా?

జవాబు: కడగకండి. మందు అసలే వద్దు. మీ తొట్టె చక్కగా ముందుకు సాగుతోంది. ఈ మాట మొదటే చెబుతున్నాను, ఎందుకంటే ఎంతో ఆశతో ఉప్పునీటి అక్వేరియం పెట్టినవారు చాలామంది సరిగ్గా ఈ వారాల్లోనే మనసు విరిగి వదిలేస్తుంటారు.

ఆ గోధుమరంగు పొడి డయాటమ్‌లు. ఇవి ఏకకణ జీవులు. ఒక్కొక్కటీ సిలికాతో తన చుట్టూ పెంకు కట్టుకుంటుంది. కొత్త ఇసుక, కొత్త రాళ్లు, సరిగా శుద్ధి కాని నీరు వీటికి కావలసిన సిలికేట్‌ను అందిస్తాయి. పోటీకి వచ్చే జీవులు ఇంకా లేవు, జాగా అంతా ఖాళీ. విత్తు పడని చేలో ముందు కలుపే మొలుస్తుంది కదా, ఇదీ అంతే. సిలికేట్ తరిగేకొద్దీ కొన్ని వారాల్లో ఆ పొర దానంతటదే పలచబడుతుంది. అద్దాల మీది పచ్చదనం ఆ తర్వాతి దశ. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా మీ తొట్టెలో కుదురుకుంది. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది ఇంకా పెరుగుతోంది. అలా తయారైన నైట్రేట్‌ను, రాళ్ల నుంచి ఊరే ఫాస్ఫేట్‌ను తిని ఆ పచ్చని పొర బతుకుతోంది.

అయినా నా మాట మీదే ఉండిపోకండి, వేళ్లతో చూసి తెలుసుకోండి. చిటికెడు తీసి నలిపితే పొడిగా విడిపోయి కొద్దిగా గరుకుగా తగిలితే డయాటమ్‌లే. ఎర్రగానో ఊదాగానో ఉండి, జిగురు పొరలా ఒక్కముక్కగా ఊడివస్తే అది సయనోబ్యాక్టీరియా, అంటే నాచులా కనిపించే బ్యాక్టీరియా. గోధుమరంగులోనే ఉండి, చీమిడిలా తీగలు సాగుతూ వాటిలో బుడగలు చిక్కుకుని ఉంటే మాత్రం డైనోఫ్లాజెల్లేట్లు అనే మరో రకం ఏకకణ జీవులు అయ్యుండవచ్చు. అనుమానం వస్తే దాన్ని కాస్త తొట్టె నీటితో సహా సీసాలోకి తీసి గట్టిగా కుదపండి. ఆ నీటిని దట్టమైన వడపోత కాగితంలో వడకట్టి, కిందికి దిగిన నీటిని వెలుతురులో గంటసేపు ఉంచండి. మళ్లీ తీగలుగా ఒకచోట చేరితే డైనోఫ్లాజెల్లేట్లే. ఇవి చాలాసార్లు నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా అడుగంటిన తొట్టెల్లో విజృంభిస్తాయి. అందుకే నాచు కనపడగానే ఫాస్ఫేట్‌ను పీల్చేసే పదార్థాలు దట్టంగా వేయడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) మధ్య ఉంటే చాలు. సున్నా మన లక్ష్యం కాదు.

మీరు వెంటనే చేయవలసింది దీపం ఆర్పేయడం. పగడాలు లేని తొట్టెలో పది గంటల వెలుతురు నాచుకు తప్ప ఎవరికి పనికొస్తుంది? మీకు కావలసిన బ్యాక్టీరియా చీకట్లోనూ తన పని తాను చేసుకుంటుంది. చేపలు వచ్చాక ఆరు నుంచి ఎనిమిది గంటలు సరిపోతుంది.

తర్వాత నీటి సంగతి. ఆవిరైన మేరకు పోసే మంచినీరు కుళాయిదైతే, పోసిన ప్రతిసారీ సిలికేట్‌ను కొత్తగా చేర్చినట్టే. ఆర్‌ఓ వడపోత, ఆపైన డీఐ (మిగిలిన అయాన్లను రెజిన్ పూసలతో పట్టేసే) దశ దాటిన నీరే వాడండి. చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది: డీఐ రెజిన్ శక్తి తగ్గుతున్నప్పుడు మొట్టమొదట జారిపోయే వాటిలో సిలికా ఒకటి. దాన్ని టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన పదార్థాలను కొలిచేది) సరిగా పట్టలేదు. మీటరు సున్నా చూపుతున్నా డయాటమ్‌లు నెలల తరబడి తగ్గకపోతే రెజిన్ మార్చి చూడండి.

మందు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. నాచు మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. అది రాళ్లకూ ఇసుకకూ పట్టుకుని తర్వాత కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. రేపు మీరు తెచ్చే నత్తలకు, రొయ్యలకు, పగడాలకు అది విషం. పైగా చచ్చిన నాచు కుళ్లి, తాను తిన్నదంతా తిరిగి నీటిలోనే కలుపుతుంది. దానికన్నా సన్నని గొట్టంతో ఇసుక పైపొరను మాత్రం లాగేసి, తీసినంత ఉప్పునీరు తిరిగి పోయడం మేలు. అద్దం తుడిచే అయస్కాంతంలో ఇసుక రేణువు ఇరుక్కుంటే గీత పడి శాశ్వతంగా ఉండిపోతుంది, జాగ్రత్త. వెనక అద్దం తుడవకపోయినా నష్టం లేదు.

నైట్రైట్ ఉండగా నైట్రేట్ పరీక్ష చేస్తే అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా రావచ్చు. దాన్ని చూసి బెదరకండి. నైట్రైట్ సున్నా అయ్యాక తొట్టెలో 2 పీపీఎం వచ్చేలా అమ్మోనియా వేయండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే సైక్లింగ్ పూర్తయినట్టే. అప్పుడు ఎక్కువ నీరు మార్చి నైట్రేట్ తగ్గించండి.

నత్తలు ఆ తర్వాతే. ఈ నీటిలో ఇప్పుడే వదిలితే పాపం, వాటి ప్రాణం మీదికి వస్తుంది. నన్నడిగితే ట్రోకస్ నత్తలు మంచివి. బోర్లాపడినా తమంతట తామే తిరగగలవు. అస్ట్రియా నత్తలకు అది కష్టం, రోజూ చూసి మీరే తిప్పాలి. ఏ రకమైనా మొదట రెండు మూడు చాలు. ఒకేసారి గుంపుగా వదిలితే, డయాటమ్‌లు అయిపోయిన మరుక్షణం నుంచి అవి ఆకలితో మాడిపోతాయి.