తిరిగి వచ్చాను కానీ ఇల్లు చేరినట్టు లేదు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. మా పుట్టిల్లు కోనసీమలో, అరటి, కొబ్బరి తోటల మధ్య. రెండేళ్ళ క్రితం నేనూ మావారూ ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఉగాండా వెళ్ళి, జింజా దగ్గర ఒక పల్లెలో ఉన్నాం. నేను హైస్కూలులో లెక్కలు చెప్పేదాన్ని, ఆయన మంచినీటి పనులు చూసేవారు. కడుపుతో ఉండగా ఐదో నెలలో నాకు మలేరియా వచ్చి హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. డాక్టరు చెప్పడంతో జూలై చివర ఉన్నపళంగా ఒక్కదాన్నే వచ్చేశాను. పిల్లలకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. ఇప్పుడు ఏడో నెల. నవంబరు ఆఖరులో కాన్పు అంటున్నారు, ఆయన ఒప్పందమేమో డిసెంబరు చివరి వరకూ ఉంది. అమ్మ ఫంక్షన్ హాలులో సీమంతానికి మూడు లక్షలు పెడతానంటే, ఆ డబ్బుతో మా బడికి నీళ్ళ ట్యాంకు వస్తుందని గొడవపడ్డాను. నేను అలాగే దాచుకున్న ఎర్రమట్టి బూట్లను అమ్మ కడిగి ఎండలో పెట్టిందని ఆమె మీద అరిచి, రాత్రంతా ఏడ్చాను. మూడు వారాలుగా సరిగా నిద్ర లేదు. ‘ఊరికే చేసి ఏం తెచ్చుకున్నావు’ అని చుట్టాలు అడుగుతున్నారు. బిడ్డకు మూడో నెల రాగానే తిరిగి వెళ్ళిపోవాలని ఉంది, అమ్మకు చెప్పలేదు. నేను స్వార్థపరురాలినా?

జవాబు: అమ్మా, మీరు ఒక్క మాటలో చెప్పి దాటేసిన బూట్ల సంగతి దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ మట్టి మీ అమ్మగారికి మురికి, మీకు రెండేళ్ళు రోజూ బడికి నడిచిన దారి. కడుపుతో ఉన్న కూతురి బూట్లు కడిగి ఎండలో పెట్టిన తల్లిది తప్పు కాదు, అది చూసి ఏడ్చిన మీదీ తప్పు కాదు. చెప్పవలసిన వీడ్కోలు చెప్పకుండా వచ్చేసినప్పుడు, ఆ బాధ ఎక్కడో ఒకచోట వాలక తప్పదు. మీ విషయంలో అది ఆ బూట్ల మీద వాలింది. మీరు స్వార్థపరురాలు కారు. మీకు ప్రియమైన ఒక ఊరూ ఒక పనీ చేజారిపోయాయి, ఇంట్లో అందరూ రాబోయే బిడ్డ సంతోషంలో ఉండడం వల్ల మీ దుఃఖం ఎవరి కంటా పడలేదు.

పరాయి దేశంలో కొన్నాళ్ళు ఉండి వచ్చినవారికి సొంత ఊరు అపరిచితంగా తోచడం కొత్త విషయం కాదు. కొత్తచోట మనిషికి మొదట ఉత్సాహం, తరువాత దిగులు, ఆపైన కుదురు కలుగుతాయని 1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్ రాస్తే, అదే వరస ఇంటికి తిరిగి వచ్చాక మళ్ళీ మొదలవుతుందని 1963లో అమెరికన్ పరిశోధకులైన గల్లాహార్న్ దంపతులు రాశారు. ఇది అందరిలో ఒకేలా నడుస్తుందని నేను అనను. కానీ వెళ్ళేటప్పుడు కష్టంగా ఉంటుందని అందరూ హెచ్చరిస్తారు, వచ్చేటప్పుడు మాత్రం ‘మన ఇంటికే కదా’ అంటారు. అందువల్ల వచ్చాక కలిగే దిగులు, అది కలిగినవారికి తమ సొంత లోపంలా కనిపిస్తుంది.

పైగా మీ ప్రాంతంలో పరదేశం నుంచి రావడమంటే జనానికి ఒక స్పష్టమైన రూపం ఉంది. కువైట్, దుబాయి వెళ్ళి వచ్చిన ఆడవాళ్ళ రాకను ఊరు ఇట్టే గుర్తుపడుతుంది, ఎందుకంటే ఆ రాకతోపాటు పెట్టెలు, బంగారం, తీరిన అప్పు, వేసిన శ్లాబు కనిపిస్తాయి. అమెరికా నుంచి వచ్చేవారి సంగతీ దాదాపు అంతే. మీరు తెచ్చినదాన్ని కొలిచే మానిక మీ చుట్టాల దగ్గర లేదు. వారి ప్రశ్నలో ఎక్కువపాలు తెలియనితనమే తప్ప దురుద్దేశం ఉండదు కాబట్టి, దానికి పూర్తి సమాధానం ఇవ్వవలసిన బాధ్యతను ఈ నెలల్లో నెత్తిన వేసుకోకండి. ‘పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చాను పిన్నీ’ అని చెప్పి ఊరుకుంటే చాలు.

మీ అమ్మగారి సంగతి వేరు, ఆమెకు సమాధానం చెప్పవలసి ఉంది. సీమంతం గొడవను ఒక్కసారి ఆమె వైపు నుంచి చూడండి. కూతురికి వేవిళ్ళ రోజుల్లో పక్కన ఉండి నోటికి సయించినది చేసి పెట్టలేకపోయింది, ఐదో నెలలో చలిమిడి పెట్టలేకపోయింది, అదే నెలలో మలేరియా అన్న మాటను సముద్రాల అవతల నుంచి ఫోనులో విన్నది. చేయలేకపోయినవన్నీ ఒక్కరోజులో చేసి తీరాలన్న ఆరాటమే ఆ మూడు లక్షలు. అంత ఖర్చు అనవసరమన్న మీ అభిప్రాయమే నాదీనూ. కానీ మీ బడి పిల్లల దాహాన్ని ఆమె ముచ్చటకు ఎదురుగా నిలబెట్టి తీర్పు చెప్పమంటే, ఏమి చెప్పినా ఆమె ఓడిపోతుంది. ‘నాకు హాలు వద్దమ్మా, మన వాకిట్లోనే చేయి, గాజులు నువ్వే తొడుగు, చలిమిడి నువ్వే పెట్టు’ అని అడిగి చూడండి. ఆమెకు కావలసినది కూడా చాలావరకు అదే అయి ఉంటుందని నా నమ్మకం. ట్యాంకు మాట వేరుగా, మరోరోజు, మీవారూ మీరూ చేయగలిగినంతలో ఆలోచించండి.

ఆ రెండేళ్ళలో మీరు ఎలా బతికారో ఆమెకు తెలియనివ్వండి. ఫోటోలు చూపిస్తే సరిపోదు, చూసి ‘బాగున్నాయే’ అని పక్కన పెడతారు. రావులపాలెం మార్కెట్టుకు గెలలు పంపే ప్రాంతంలో ఉన్నారు కదా, ఒక మధ్యాహ్నం కూర అరటికాయలు తీసుకుని, ఉగాండాలో మటోకె చేసినట్టు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపి, వేరుశనగ పప్పు నూరి కాచిన పులుసుతో ఆమెకు వడ్డించండి. అక్కడి రకం వేరు కాబట్టి అచ్చంగా ఆ రుచి రాదు. అయినా తొక్క తీస్తూ, ఆకు వాడ్చుతూ ఉన్నప్పుడు మీరు చెప్పే మాటలు ఆమె వింటారు. ఎవరి ఇంట్లో తిన్నారో, ఎవరు నేర్పారో, ‘వేబలే’ అని కృతజ్ఞత చెప్పడం ఎప్పుడు అలవాటైందో చెప్పండి. జ్వరంతో పడుకున్న రోజుల్లో మీ దగ్గర ఎవరు కూర్చున్నారో తప్పకుండా చెప్పండి, తాను లేని చోట తన బిడ్డను ఎవరో చూసుకున్నారన్న సంగతి ఏ తల్లికైనా వినవలసిన సంగతే. బూట్ల మీది ఆ మట్టి ఏమిటో ఆ తరువాత చెబితే, మీరు క్షమాపణ అడగకుండానే ఆ గొడవ సగం సర్దుకుంటుంది. మిగతా సగానికి క్షమాపణ అడగండి.

ఇక మిగిలిపోయిన వీడ్కోలు సంగతి. ఉగాండాలో పదకొండో ఏడు చదువుతున్నవారికి అక్టోబరు, నవంబరు నెలల్లో జాతీయ స్థాయి పరీక్ష ఉంటుంది. మీ దగ్గర లెక్కలు నేర్చుకున్నవారిలో వారు కూడా ఉండే ఉంటారు. ఈ వారంలోనే వారికి చేతిరాతతో ఒక ఉత్తరం రాసి, ఫోటో తీసి మీవారికి పంపండి, ఆయన తరగతిలో నిలబడి చదివి వినిపిస్తారు. ఎందుకు వెళ్ళిపోయారో దాచకుండా రాయండి, టీచరు చెప్పకుండా వెళ్ళిపోతే పిల్లలు దానికి కారణం తమలోనే వెతుక్కుంటారు. ఏ పాఠం మధ్యలో ఆగిందో, దాన్ని ఎవరిని అడగాలో కూడా రాయండి. మీరు వారిని వదిలేసి రాలేదు, ప్రాణం మీదికి వచ్చి వచ్చారు. అయినా ఆ మాట మీ నోట వారు వింటేనే మీ మనసు కుదుటపడుతుంది.

ఇప్పుడు చెప్పేవి నా వృత్తికి కొంత బయటివే అయినా వదిలిపెట్టలేను. అక్కడి గర్భిణుల కార్డునూ, మలేరియా చికిత్స కాగితాలనూ, మలేరియా రాకుండా అక్కడ గర్భిణులకు ఇచ్చే ఫాన్సిడార్ మాత్రలు ఎప్పుడెప్పుడు మింగారో ఆ వివరాలనూ మీ గైనకాలజిస్టు ముందు పెట్టండి. మలేరియా, రక్తహీనత రెండూ కడుపులో బిడ్డ బరువును తగ్గించగలవు కాబట్టి ఎదుగుదల స్కాన్ గురించి అడగండి. కాన్పు వరకూ, ఆ తరువాత కొన్ని నెలల వరకూ ఏ కాస్త జ్వరం వచ్చినా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళి, ‘ఉగాండాలో ఉండి వచ్చాను, అక్కడ మలేరియా వచ్చింది’ అన్న మాట మొదటే చెప్పండి. గర్భిణుల్లో ఆ క్రిములు మాయలో దాగి, ఒక్కోసారి రక్తపరీక్షకు దొరకవు. చెప్పకపోతే జ్వరం అనగానే డాక్టరు ఆలోచన డెంగ్యూ వైపో టైఫాయిడ్ వైపో పోవచ్చు. మీ ఊరి ఆశా కార్యకర్త ద్వారా మాతా శిశు సంరక్షణ కార్డు తీసుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

నిద్ర సంగతిని తేలికగా తీసుకోవద్దు. మూడు వారాలంటే తక్కువ కాదు, కడుపుతో ఉన్నప్పుడు మొదలైన దిగులు చాలామందిలో కాన్పు తరువాత ముదురుతుంది. ఇలాంటి దిగులును గుర్తించేందుకు ఎడిన్‌బరో ప్రశ్నావళి అని 10 చిన్న ప్రశ్నలది ఒకటి ఉంది, బాలింతల కోసం 1987లో రూపొందించినా గర్భిణులకూ వాడతారు. తరువాతి పరీక్షకు వెళ్ళినప్పుడు మీరే డాక్టరుగారిని అడగండి. ఈలోగా రాత్రిపూట మనసు నిలవకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అయిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన గానీ, బిడ్డ వద్దన్న ఆలోచన గానీ ఒక్కసారి తొంగిచూసినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ క్షణంలోనే ఇంట్లో ఎవరినైనా లేపండి.

మీవారి విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఆయన నవంబరు మొదటి వారానికి ఇక్కడ ఉండాలి. కారణం చెప్పి, పనిని వేరొకరికి అప్పగించేందుకు రెండు నెలల గడువు ఇస్తే ఒప్పందం ముందుగా ముగించమని అడగడంలో అనుచితం ఏమీ లేదు, అడగవలసింది ఆయనే. ‘మీ పని పాడుచేస్తున్నానేమో’ అని మీరు లోలోపల తగ్గిపోకండి. సేవకు ఇద్దరూ కలిసి వెళ్ళారు, బిడ్డ కూడా ఇద్దరికీ పుడుతోంది.

మూడో నెలలోనే తిరిగి వెళ్ళడానికి మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ మలేరియా ప్రాణాలు తీసేది ఎక్కువగా ఐదేళ్ళలోపు పిల్లలనే. అక్కడికి వెళ్ళేవారు వేయించుకునే పసుపు జ్వరం టీకాను మామూలుగా తొమ్మిది నెలలు నిండనిదే ఇవ్వరు, ఇక్కడి తట్టు టీకా కూడా అప్పుడే వస్తుంది. అందుకని వెళ్ళాలా వద్దా అన్న ఆలోచనను బిడ్డకు తొమ్మిది నెలలు నిండేదాకా వాయిదా వేయండి. అప్పటికి మీ ఆరోగ్యమూ, ఆయన ఉద్యోగమూ ఒక దారికి వస్తాయి, ఇప్పుడు కలుగుతున్న కోరికలో దుఃఖం ఎంతో ఇష్టం ఎంతో మీకే తెలుస్తుంది. ఇష్టమే మిగిలితే వెళ్ళండి, ఆరోజు నేను అడ్డు చెప్పను. కానీ ఆ కోరిక ఉందన్న మాట మీ అమ్మగారు ఏ చుట్టాల నోటో వినకూడదు. మీవారు వచ్చిన వారంలోనే, కాన్పుకు ముందే, ముగ్గురూ కూర్చుని ఆమెతో చెప్పండి.