రీ: వెనక లైట్లకి ఎల్ఈడీ వేశాక ఇండికేటర్ గోల

బ్రదర్, బ్రేక్ నొక్కితే ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోంది, పైగా ఇండికేటర్ టకటకా స్పీడుగా కొట్టుకుంటోంది అన్నావు కదా, ఇవి రెండూ వేరే వేరే సమస్యలు, కలిపి చూడకు.

మొదటిది దాదాపు ఖాయంగా ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి, సరిగ్గా లేకపోవడమే. పాత బండ్లలో లైట్ హోల్డర్ ఎర్త్ బాడీకి బిగించిన చోట తుప్పు పడుతుంది, అప్పుడు బ్రేక్ లైటు కరెంటుకి సరైన దారి దొరక్క పక్క బల్బు గుండా తిరిగి వెళ్తుంది, మామూలు బల్బు అయితే ఆ కొంచెం కరెంటుకి వెలగదు గానీ ఎల్ఈడీ వెలిగేస్తుంది. లైట్లన్నీ వేసి, బ్రేక్ ఎవరితోనైనా నొక్కించి, మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది హోల్డర్ ఎర్త్‌కి పెట్టి చూడు. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ పోయినట్టే. బోల్టు విప్పి మెరిసేదాకా గీకి మళ్ళీ బిగించు, లేదా కొత్త వైరు లాగెయ్, అదే ఇంకా మేలు.

ఇండికేటర్ సంగతికొస్తే 21 వాట్ల బల్బు తీసేసి తక్కువ కరెంటు లాగే ఎల్ఈడీ వేశావు కాబట్టి ఫ్లాషర్ రిలే (ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే పరికరం) బల్బు పోయిందనుకుని స్పీడుగా కొడుతోంది. పాత బల్బంత కరెంటు లాగేలా రెసిస్టర్ పెట్టమంటారు గానీ అది మాత్రం వద్దు, విపరీతంగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ పక్కన పెడితే కరిగిపోతుంది. ఎల్ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వెయ్, పిన్నుల వరస మాత్రం పాతదానితో సరిచూసుకో.

ఇంకోటి, ఎర్ర గ్లాసు వెనక తెల్ల ఎల్ఈడీ వేస్తే గులాబీ రంగులో పాలిపోయినట్టు కనిపిస్తుంది, ఎర్రదే కొనుక్కో.