వర్ధమాన ఆటగాళ్ల ర్యాంకులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు తమ మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్లలో పెంచుకుంటున్న కుర్రవాళ్లకు ర్యాంకులు ఎలా ఇవ్వాలన్న విషయం మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా మిత్రులందరం ఒకే జట్టు అభిమానులం. ఏటా ఆ జట్టు మైనర్ లీగ్ ఆటగాళ్లలో మొదటి 30 మందికి సొంతంగా ర్యాంకులు ఇచ్చుకుంటాం. మొదటి అయిదారు స్థానాలు త్వరగానే తేలిపోతాయి కానీ పదో స్థానం దాటాక వాదన తెగదు. దీన్ని తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: వాదన తెగకపోవడం మీ అవగాహనలో లోపం కాదు. ఆ స్థానాల్లో ఉన్న ఆటగాళ్ల మధ్య తెగేంత తేడా సాధారణంగా ఉండదు. స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను వెతికి అంచనా వేసేవాళ్లు) ఆటగాడి నైపుణ్యాలను 20 నుంచి 80 వరకు ఉన్న కొలమానం మీద అంచనా వేస్తారు. అందులో 50 అంటే మేజర్ లీగ్ సగటు. బంతిని బ్యాటుతో సరిగ్గా అందుకునే నేర్పు, దూరం కొట్టే బలం, పరుగు వేగం, ఫీల్డింగ్, విసిరే చేతి సత్తా అనే అయిదింటికీ విడివిడిగా మార్కులు వేసి, ఆ కుర్రవాడు పెద్ద జట్టులో చివరికి ఏ పాత్రకు సరిపోతాడన్న ఆలోచనతో మొత్తానికి ఒక మార్కు ఇస్తారు. 60 వచ్చినవాడు ఏటా మేటి ఆటగాళ్లతో జరిగే ఆల్ స్టార్ ఆటకు ఎంపిక కాదగినవాడు, 50 వచ్చినవాడు రోజూ ఆడదగినవాడు, 40 వచ్చినవాడు అవసరానికి పైకి పిలిపించుకునేవాడు.

ఇప్పుడు మీ జాబితాను ఈ మార్కులతో చూడండి. 60 స్థాయి కుర్రవాడు ఒక్కడున్నా ఆ జట్టు అదృష్టవంతురాలే. 50 దగ్గర కొద్దిమంది ఉంటారు. ఆ తర్వాత జాబితా చివరివరకు ఉన్నవాళ్లలో చాలామంది 40 చుట్టూనే ఉంటారు. అంటే ఒకటో స్థానానికీ అయిదో స్థానానికీ మధ్య ఉన్న దూరం, పన్నెండుకూ ఇరవై ఎనిమిదికీ మధ్య ఉన్న దూరం కన్నా ఎక్కువ కావచ్చు. కాబట్టి మొదట అంకెలు వేయకండి. ఎవరు ఏ పాత్రకు చేరగలరో అంచనా వేసి, ఆటగాళ్లను మూడు నాలుగు అంతస్తులుగా విడదీయండి. అంతస్తుల సరిహద్దు దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురి గురించి ఎంతసేపు వాదించుకున్నా ఆ సమయం వృథా కాదు. ఒకే అంతస్తులో ఉన్నవారి వరుసను మాత్రం ముందుగా ఒప్పుకున్న ఒక నియమానికి వదిలేయండి. నేనైతే అక్కడ ఎక్కువ ఎత్తుకు చేరే అవకాశం ఉన్నవాడినే పైన పెడతాను, ఎందుకంటే అవసరానికి ఆడే ఆటగాడిని జట్టు ఎప్పుడైనా బయటి నుంచి తెచ్చుకోగలదు.

ప్రశ్న: డబుల్ ఏ స్థాయిలో (మైనర్ లీగ్‌లో పై నుంచి రెండో మెట్టు) 24 ఏళ్ల ఫస్ట్ బేస్‌మన్ (మొదటి బేస్ దగ్గరి ఫీల్డర్) ధారాళంగా హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల వంటివి) కొడుతున్నా, అట్టడుగు మెట్టయిన రూకీ లీగ్‌లో అంతంతమాత్రంగా ఆడుతున్న 18 ఏళ్ల షార్ట్‌స్టాప్‌ను (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) అతడి కన్నా పైన పెడుతున్నారు. ఇది న్యాయమా?

జవాబు: చాలా సందర్భాల్లో న్యాయమే. షార్ట్‌స్టాప్ స్థానంలో నిలవలేకపోయినవాడిని సెకండ్ బేస్‌కో, థర్డ్ బేస్‌కో, ఔట్‌ఫీల్డ్‌కో మార్చవచ్చు. ఫస్ట్ బేస్‌మన్‌కు అలా వెళ్లడానికి చోటు లేదు. అతడి విలువంతా బ్యాటు మీదే ఆధారపడుతుంది కనుక ఆ బ్యాటు సగటుగా ఉంటే చాలదు. పైగా 24 ఏళ్లవాడు తనకన్నా చిన్నవాళ్ల బౌలింగ్‌ను కొడుతున్నాడా, తన ఈడువాళ్లదా అన్నది చూడకుండా అతడి హోమ్ రన్లను లెక్కపెట్టకూడదు. మైదానం సంగతీ అంతే. ఎత్తయిన ప్రదేశంలో, పలచని గాలిలో ఆడే ఆల్బుకర్కీ వంటి ట్రిపుల్ ఏ (మైనర్ లీగ్‌లో అన్నిటికన్నా పై మెట్టు) మైదానంలో బంతి మామూలు కన్నా దూరం పోతుంది.

అయితే ఇదే సూత్రం తిరగబడి జట్టును ముంచిన సందర్భమూ ఉంది. 1990లో బోస్టన్ రెడ్ సాక్స్‌కు చెందిన డబుల్ ఏ జట్టు న్యూ బ్రిటన్‌లో జెఫ్ బాగ్‌వెల్ .333 బ్యాటింగ్ సగటుతో (మూడు అవకాశాలకు ఒక హిట్ చొప్పున) ఆడాడు కానీ, కొట్టిన హోమ్ రన్లు నాలుగే. బోస్టన్‌లో అతడి థర్డ్ బేస్ స్థానంలో అప్పటికే పేరుమోసిన వేడ్ బాగ్స్ ఉన్నాడు. ఆ ఆగస్టు చివర రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో వచ్చి బంతులు విసిరేవాడు) లారీ ఆండర్సన్ కోసం బాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. న్యూ బ్రిటన్ మైదానం హోమ్ రన్లను అణచివేసే మైదానం. అక్కడ కూడా అతడికి స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైక్‌లకు ఔటవడం) కన్నా వాక్‌లే (నాలుగు చెడ్డ బంతులను వదిలి ఫస్ట్ బేస్ చేరడం) ఎక్కువ. హ్యూస్టన్ అతడిని ఫస్ట్ బేస్‌కు మార్చింది. 1991లో నేషనల్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్, 1994లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), మొత్తం 449 హోమ్ రన్లు, 2017లో మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్. మీ ఫస్ట్ బేస్‌మన్ విషయంలోనూ హోమ్ రన్ల కన్నా ముందు, అతడు చెడ్డ బంతులను వదిలేస్తున్నాడా లేదా అన్నది చూడండి. అది బాగుంటే అతడిని పై అంతస్తుకు చేర్చాలని మీ తరఫున నేనూ వాదిస్తాను.

ప్రశ్న: 2011లో కాన్సాస్ సిటీ రాయల్స్ మైనర్ లీగ్ బృందాన్ని అందరూ ఆకాశానికెత్తారు. 2015లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ తుది పోరు) గెలిచింది. అంటే ర్యాంకులు నిజమైనట్టేనా?

జవాబు: నిజమయ్యాయి, కానీ జాబితాలో రాసిన దారిలో కాదు. బేస్‌బాల్ అమెరికా పత్రిక ఆ ఏడాది దేశం మొత్తం మీద ఎంచిన మొదటి వందమందిలో తొమ్మిదిమంది రాయల్స్ కుర్రవాళ్లే. వారిలో నలుగురు ఎడమచేతి పిచర్లు: మైక్ మాంట్‌గోమరీ, జాన్ లాంబ్, డానీ డఫీ, క్రిస్ డ్వయర్. ఈ నలుగురిలో రాయల్స్ తరఫున చాలాకాలం నిలిచింది డఫీ ఒక్కడే. లాంబ్‌కు 2011లోనే మోచేతి శస్త్రచికిత్స అవసరమైంది, డ్వయర్ మేజర్ లీగ్‌లో కనిపించీ కనిపించకుండా వెళ్లిపోయాడు. మోచేయి, భుజం ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు కనుక, సమానమైన మార్కు ఉన్న పిచర్‌నూ బ్యాటర్‌నూ పక్కపక్కన పెట్టినప్పుడు నేను బ్యాటర్‌నే ముందు రాస్తాను.

బ్యాటర్లలో ఎరిక్ హాస్మర్, మైక్ మూస్టాకస్ ఆ విజయానికి మూలస్తంభాలయ్యారు. క్రిస్టియన్ కొలోన్ పెద్ద ఆటగాడు కాలేదు, అయినా 2015 సిరీస్ చివరి ఆటలో పన్నెండో ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్నిచ్చిన హిట్ అతడిదే. మిగతావారి విలువ మార్పిడిలో తేలింది. విల్ మైయర్స్, జేక్ ఓడొరిజ్జి, మాంట్‌గోమరీలను 2012 డిసెంబరులో టాంపా బేకు ఇచ్చి పిచర్లు జేమ్స్ షీల్డ్స్, వేడ్ డేవిస్‌లను తెచ్చుకున్నారు. ఆ సిరీస్ చివరి ఔట్ తీసింది డేవిసే. లాంబ్‌తో పాటు మరో ఇద్దరు పిచర్లను ఇచ్చి 2015 జులైలో పిచర్ జానీ క్యూటోను తెచ్చుకున్నారు. అతడు సిరీస్ రెండో ఆట మొత్తం ఒక్కడే బంతులు విసిరి ముగించాడు. ఇక ఆ సిరీస్‌కు ఎంవీపీగా నిలిచిన క్యాచర్ (బ్యాటర్ వెనక నిలిచి బంతి పట్టేవాడు) సాల్వడోర్ పెరెజ్ ఆ తొమ్మిదిమందిలో లేనే లేడు!

అందుకే ఒక జట్టు జాబితాను బేరీజు వేసేటప్పుడు పైన ఎంత మెరుపు ఉందో చూసి ఆగిపోవడం నాకు నచ్చదు. 45, 50 మార్కుల అంతస్తులో ఎంతమంది ఉన్నారో చూడాలి. పెరెజ్ వంటివాడు ఎదిగివచ్చేదీ, ఆటగాళ్ల మార్పిడి జోరుగా సాగే జులైలో ఇతర జట్లు అడిగేదీ ఎక్కువగా అక్కడి నుంచే.

ప్రశ్న: మేజర్ లీగ్‌లో కొన్ని ఆటలు ఆడివచ్చిన కుర్రవాడిని జాబితాలో ఉంచవచ్చా?

జవాబు: రూకీ (మేజర్ లీగ్‌లో కొత్త ఆటగాడు) హోదా పోనంతవరకు ఉంచవచ్చు. బ్యాటర్‌కు 130 అధికారిక బ్యాటింగ్ అవకాశాలు, పిచర్‌కు 50 ఇన్నింగ్స్ దాటితే ఆ హోదా పోతుంది. మేజర్ లీగ్ జట్టులో 45 రోజులు దాటినా ఆ హోదా పోతుందన్న నియమాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలో వద్దో మీ బృందం జాబితా మొదలుపెట్టకముందే నిర్ణయించుకుంటే మంచిది. పైకీ కిందికీ తిరిగే రిలీఫ్ పిచర్ల దగ్గర తగవు వచ్చేది దానివల్లే.